చక్కెర పోగా, సారా పోగా మిగిలినదాన్ని ఏమంటారు?

2018 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం పెట్రోలులో కలిపే ఇథనాల్‌కు కొత్త ధరలు ప్రకటించింది. చక్కెర తీయగా మిగిలే జిగట ద్రవమే మొలాసిస్. సి-హెవీ మొలాసిస్ నుంచి తీసినదైతే లీటరు 43.46 రూపాయలు, బి-హెవీ మొలాసిస్ నుంచి తీసినదైతే 52.43 రూపాయలు. ట్యాంకులో పోశాక రెండూ ఒకటే ఇథనాల్. వాసనలో గానీ మండే తీరులో గానీ తేడా ఉండదు. ఏ మిగులు నుంచి వచ్చిందో చెప్పే ఒక్క అక్షరం మారితే లీటరుకు దాదాపు 9 రూపాయలు మారింది. ఎంత చక్కెర తీయాలి, ఎంత డిస్టిలరీకి వదిలెయ్యాలి అని ఫ్యాక్టరీలు లెక్క వేసుకునేది ఈ అక్షరాన్ని చూసే. మరి చెరకు పండించే తెలుగు రైతు ఈ రెండింటినీ ఏమని పిలవాలి? పత్రికల్లో రెండూ మొలాసిసే. తెలుగులో చెప్పాలనుకునేవాళ్లకు రెండూ మడ్డే.

అదే వడ్ల సంగతి చూడండి. మిల్లు ఆడిస్తే బియ్యం, నూకలు, తవుడు, చిట్టు, ఊక. ప్రతి మిగులుకూ ఒక పేరుంది, ఒక దారి ఉంది. నూకలు జావకు, తవుడు గేదెకు, ఊక ఇటుక బట్టీకి. నువ్వులు గానుగాడితే నూనె పోగా తెలకపిండి, వేరుశనగ ఆడితే చెక్క. అన్నం వారిస్తే గంజి. వెన్న కాస్తే అడుగున గసి. బియ్యం కడిగిన నీళ్లు, మిగిలిన గంజి, తరిగిన కూరల తొక్కలు ఒక కుండలో చేరితే అది కుడితి, సాయంత్రానికి గేదె ముందుంటుంది. వీటిలో దేన్నీ ఎవరూ 'వ్యర్థం' అనరు. ఆ మాటతో ఇంట్లో అవసరమే పడదు.

ఇంత వివరంగా మిగుళ్లకు పేర్లు పెట్టుకున్న భాష చెరకు దగ్గర, సారా దగ్గర మాత్రం సగం దారిలో ఆగిపోయినట్టు కనిపిస్తుంది. పిప్పి ఉంది, తెట్టు ఉంది, ఊట ఉంది, మడ్డి ఉంది. అక్కడితో అయిపోయింది. ఆ తర్వాతవన్నీ మొలాసిస్, ప్రెస్‌మడ్, స్పెంట్‌వాష్, డీడీజీఎస్. ఇది తెలుగు పేదరికం కాదు. చేత్తో చేసిన పనికి పేర్లు పుట్టాయి, మెషీన్ చేసిన పనికి పుట్టలేదు. ఆ గీత ఎక్కడ పడిందో వెతికితే చాలా విషయాలు బయటపడతాయి.

ముందు బెల్లం గానుగ దగ్గరికి వెళ్లాలి. అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్లలో సంక్రాంతి ముందూ వెనకా గానుగ నడుస్తున్నప్పుడు రెండు వైపుల నుంచి రెండు వస్తువులు బయటికొస్తాయి. ఒక పక్క రసం, ఇంకో పక్క పిప్పి. రసం పెనంలోకి పోతుంది. పిప్పిని మాత్రం అక్కడే నేల మీద పలచగా పరిచి ఎండబెడతారు. తడిగా ఉన్నప్పుడు పచ్చివాసనతో, బరువుగా ఉంటుంది. రెండు మూడు రోజుల ఎండకు తెల్లబడి, పట్టుకుంటే గలగలలాడుతుంది. అప్పుడు దాన్ని మోపులు మోపులుగా పెనం కింద పొయ్యిలోకి తోస్తారు. అంటే మొన్నటి చెరకు పిప్పే ఇవాళ్టి చెరకు రసాన్ని మరిగిస్తుంది. కట్టెలు కొనే పని చాలావరకు తప్పుతుంది.

రసం మరిగేటప్పుడు పైకి తేలేది తెట్టు. కాస్త సున్నం వేసి, బెండ మొక్కల జిగురు కలిపితే రసంలోని మురికంతా దానికి అంటుకుని పైకొస్తుంది. పెద్ద గరిటెతో ఆ తెట్టును తీసేస్తూనే ఉండాలి. ఎంత బాగా తీస్తే బెల్లం అంత శుభ్రంగా వస్తుంది. ఆఖర్న పాకం చుక్కను నీళ్లలో వేసి, వేళ్ల మధ్య ఉండ కడుతోందా లేదా అని చూసి దించుతారు. దించి, చల్లార్చి, దిమ్మలు కట్టేస్తారు. పని అయిపోయింది. ఈ మొత్తం పనిలో మిగిలినవి పిప్పి, తెట్టు, పొయ్యిలో బూడిద. మూడింటికీ తెలుగు పేర్లున్నాయి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. బెల్లం చేసే చోట మొలాసిస్ అనే వస్తువే పుట్టదు. రసంలో ఉన్న చక్కెర, ఖనిజాలు, గడ్డకట్టని తీపి, అన్నీ బెల్లం దిమ్మలోనే ఉండిపోతాయి. బెల్లానికి ఆ రంగు, ఆ రుచి, ఎండాకాలంలో చెమర్చే గుణం అందుకే. తెలుగు నేల మీద శతాబ్దాల తరబడి ప్రధానంగా నడిచింది బెల్లం పనే. పుట్టని వస్తువుకు పేరు ఎక్కడి నుంచి వస్తుంది?

ఉత్తరప్రదేశ్‌లో కథ వేరు. అక్కడ ఖండ్‌సారీ పద్ధతిలో చెరకు రసాన్ని 'రాబ్' అనే చిక్కటి పాకంగా వండి, అందులోంచి చక్కెర పలుకులను విడదీసి, కారిపోయే జిగట ద్రవాన్ని వేరు చేసేవాళ్లు. ఆ ద్రవం పేరు శీరా. మెషీన్లు రాకముందే చేత్తో ఆ పని జరిగింది కాబట్టి మాట ముందే ఉంది. ఫ్యాక్టరీలు వచ్చాక అదే మాట ఫ్యాక్టరీలోకి నడిచొచ్చింది. ఇప్పటికీ అక్కడి రైతులు పిప్పిని ఖోయీ, మొలాసిస్‌ను శీరా, ప్రెస్‌మడ్‌ను మైలీ అంటారు. మూడు వస్తువులకు మూడు చిన్న మాటలు. కన్నడంలో మొలాసిస్‌కు కాకంబి అని సొంత మాట ఉంది. మరాఠీలో మళీ. తమిళంలో మాత్రం కళివుప్పాగు, అంటే వ్యర్థ పాకం. ఆ పేరు వస్తువును తక్కువ చేస్తుంది గానీ, అది పాకమేనన్న నిజాన్ని వదల్లేదు.

తెలుగులో దానికి తగిలించిన 'మడ్డి' అనే మాట ఆ నిజాన్ని కూడా వదిలేసింది. మడ్డి అంటే అడుగున పేరుకున్నది. నూనె సీసాలో అడుగున మడ్డి, కల్లు కుండలో అడుగున మడ్డి. మొలాసిస్ అడుగున పేరుకునేది కాదు. ఫ్యాక్టరీలో చెరకు రసాన్ని చిక్కగా మరిగిస్తే పాకంలో పలుకులు కడతాయి. ఆ ముద్దను జల్లెడ గోడలున్న డ్రమ్ములో వేసి గిర్రున తిప్పితే పలుకులు లోపల నిలుస్తాయి, ద్రవం బయటికి చిమ్ముతుంది. బయటికొచ్చిన ద్రవమే మొలాసిస్. మొదటిసారి వచ్చినది 'ఎ'. దాన్ని మళ్లీ మరిగించి మళ్లీ తిప్పితే వచ్చేది 'బి'. మూడోసారి 'సి'. ఆ పైన ఎంత మరిగించినా లాభసాటిగా పలుకు కట్టదు. అడుగున పడింది కాదు, గడ్డకట్టనన్నది. ఈ తేడా చిన్నదేమీ కాదు. సి-హెవీ మొలాసిస్‌లో కూడా దాదాపు సగం బరువు చక్కెరలే. ఈస్టుకు అది విందు. టన్ను సి-హెవీ మొలాసిస్‌కు 220 నుంచి 250 లీటర్ల ఆల్కహాల్ దిగుతుంది. బి-హెవీ దగ్గరే ఆపేస్తే ఇంకా ఎక్కువ దిగుతుంది, కానీ మూడో విడత రావాల్సిన చక్కెర చేజారుతుంది. ఆ నష్టాన్ని పూడ్చడానికే ధరలో ఆ 9 రూపాయల తేడా. 'మడ్డి' అనే మాట వింటే ఇదంతా ఎవరికైనా ఊహకు అందుతుందా?

పోర్చుగీసువాళ్లు దీనికి పెట్టిన పేరులో తేనె ఉంది. మొలాసిస్ అనే మాట వాళ్ల 'మెలాసో' నుంచి వచ్చింది, దాని వెనకున్న లాటిన్ మాట 'మెల్' అంటే తేనె. ఆ పేరు పెట్టినవాళ్లకు అది అడుగు మురికిలా కనపడలేదు, జారే తీపిలా కనపడింది. మన దేశంలో కూడా చెరకు పాకంలో తరగతులు చూసే కన్ను చాలా పాతది. కౌటిల్యుడి అర్థశాస్త్రం కోష్ఠాగారంలో నిల్వ చెయ్యాల్సిన వాటిలో ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కర అని ఐదింటిని ఒక వర్గంగా చెప్పింది. జారే పాకం నుంచి ఇసుకలా రాలే పలుకు దాకా వేర్వేరు పేర్లు. శర్కర అనే మాటకు మొదటి అర్థం గులకరాళ్లు, ఇసుక. ఖండం అరబ్బు, పారశీక దేశాల మీదుగా యూరప్ చేరి క్యాండీ అయింది. ఈ ఐదింటిలో ఫాణితం తెలుగు వ్యవహారంలోకి రాలేదు. వచ్చి ఉంటే మొలాసిస్‌కు దగ్గరి చుట్టంలా ఒక మాట మనకూ ఉండేది.

మడ్డితో ఉన్న అసలు ఇబ్బంది ఇంకోటి. అది ఒక్క వస్తువు మీద నిలబడదు. ఫ్యాక్టరీలో రసాన్ని సున్నంతో, గంధకం పొగతో శుద్ధి చేశాక వడపోతలో నల్లటి మట్టిముద్దలాంటిది మిగులుతుంది. ఇంగ్లిషులో ప్రెస్‌మడ్. మట్టి అని అర్థమిచ్చే ఇంగ్లిషు 'మడ్'కి, మన 'మడ్డి'కి ఏ చుట్టరికమూ లేదు, కానీ చెవికి రెండూ ఒకలాగే తగులుతాయి. అందుకే అదీ మడ్డే అయిపోయింది. నిజానికి దానికే ఆ మాట బాగా నప్పుతుంది, రసంలోంచి తేరిన మురికే కదా అది. గానుగ దగ్గరి తెట్టుకు ఫ్యాక్టరీ రూపం అనుకోవచ్చు. ఇక చెరకు మడ్డి పొలానికి మంచిదని ఒకరు, చెరకు మడ్డి పశువుల దాణాలో కలపమని ఇంకొకరు చెబితే రైతుకు టెన్షన్ కాక ఏమవుతుంది? మొదటిది ప్రెస్‌మడ్, రెండోది మొలాసిస్. ఒకటి ఎకరాకు టన్నుల్లో వేసే ఎరువు. ఇంకోటి దాణాలో కొద్ది శాతం మించకుండా కలిపేది. మోతాదు తప్పితే పశువుకు పారుడు తప్పదు.

ప్రెస్‌మడ్‌లోనూ రెండు రకాలున్నాయి. గంధకం పద్ధతి వాడిన ఫ్యాక్టరీలో వచ్చేది సేంద్రియ పదార్థం, భాస్వరం ఉన్న మంచి ఎరువు. కార్బొనేషన్ పద్ధతి వాడినచోట వచ్చే దాంట్లో సున్నం శాతం చాలా ఎక్కువ. చౌడు నేలలో అలాంటిది వేస్తే ఉన్న బాధకు ఇంకో బాధ తోడవుతుంది. పేరు దగ్గరే తేడా తెలిస్తే ట్రాక్టరు పొలంలోకి రాకముందే రైతు నిలదీసి అడగగలడు.

పిప్పి విషయంలో తెలుగు గట్టిగా నిలబడింది. పిప్పి అంటే సారం పోయి పీచు మిగిలినది, అంతే. నమిలి ఉమ్మిన చెరకు ముక్క అయినా, ఫ్యాక్టరీ కన్వేయర్ మీద కొండలా పడేది అయినా మాట మారదు. పిప్పిపన్ను అన్నా, జనాన్ని పీల్చి పిప్పి చేశారన్నా అదే బొమ్మ. ఇంగ్లిషు బగాస్ ఇంత సూటి మాట కాదు. మొదట అది మధ్యధరా తీరంలో ఆలివ్ కాయలు పిండగా మిగిలిన తుక్కు పేరు, తర్వాత చెరకు మీదికి వచ్చింది. టన్ను చెరకు ఆడితే సుమారు 100 కిలోల చక్కెర వస్తుంది. పిప్పి మాత్రం 250 నుంచి 300 కిలోలు, అందులో సగం తేమ. సి-హెవీ మొలాసిస్ 40–45 కిలోలు, ప్రెస్‌మడ్ 30–40 కిలోలు. అంటే చక్కెర ఫ్యాక్టరీ అని పిలిచే చోట చక్కెర కన్నా పిప్పే రెండున్నర రెట్లు ఎక్కువ తయారవుతుంది.

ఆ పిప్పితోనే ఫ్యాక్టరీ బాయిలర్ మండుతుంది, మిగిలిన కరెంటు గ్రిడ్‌కు అమ్ముడవుతుంది. తమిళనాడులో కరూరు దగ్గర ప్రభుత్వ రంగంలో పెట్టిన టీఎన్‌పీఎల్ పేపరు మిల్లు 1980ల నుంచి పిప్పితో కాగితం తయారు చేస్తోంది. ఆ ఊరి పేరే కాగితపురం అయింది. మన బోధన్ పక్కన నిజాం చక్కెర ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన శక్కర్‌నగర్‌కు చక్కెర పేరు వచ్చింది, కాగితపురానికి మాత్రం పిప్పి నుంచి పుట్టిన వస్తువు పేరు. పిప్పి పేరు ఇంకో చోట కూడా స్థిరపడింది, అది బాధాకరమైన చోటు. తడిసి బూజు పట్టిన పాత పిప్పి దుమ్ము పీల్చినవాళ్లకు వచ్చే ఊపిరితిత్తుల జబ్బు పేరు బగాసోసిస్. మన దేశంలో దాన్ని మొదట 1955లో కలకత్తా దగ్గర ఒక అట్టల ఫ్యాక్టరీ కార్మికుల్లో గుర్తించారు. పిప్పి నిల్వ చేసేటప్పుడు రెండు శాతం ప్రొపియోనిక్ యాసిడ్ చల్లితే బూజు అదుపులో ఉంటుంది. పిప్పి దుమ్ము జబ్బు అని తెలుగులో చెబితే, పిప్పి కుప్ప మీద పని చేసే కూలీకి అది తన సంగతేనని వెంటనే తెలుస్తుంది. బగాసోసిస్ అంటే డాక్టరుకే అర్థమవుతుంది.

ఇక సారా వైపు. పేపరు తిరగేస్తే జిల్లా పేజీలో తరచూ కనిపించే వార్త 'బెల్లం ఊట ధ్వంసం'. ఎక్సైజ్ వాళ్లు కొండపక్కన డ్రమ్ములు దొర్లించి నేలపాలు చేసేది సారాను కాదు, ఊటను. నీళ్లలో బెల్లం వేసి ఊరబెడితే పులిసేది ఊట. ఊరడం నుంచి వచ్చిన మాట. ఆవకాయ జాడీలో తేలే ఊట, చెలమలో నీటి ఊట, ఇదీ ఒకే కుటుంబం. ఇంగ్లిషులో దీన్ని వాష్ అంటారు. ఊట అనే మాట అంతకన్నా ఎంతో ప్రాణమున్నది, లోపల ఏదో జరుగుతోందని చెబుతుంది. తూర్పున నాటుసారా అన్నా, తెలంగాణలో గుడుంబా అన్నా, ఆదిలాబాద్ అడవుల్లో ఇప్పసారా అన్నా మొదట ఊరబెట్టాల్సిందే.

ఈ వార్తల్లోనే నల్లబెల్లం అనే మాట నేరం పేరులా మారిపోయింది. పటికతో పాటు పట్టుకున్న సరుకుల జాబితాలో అది కనిపిస్తుంది. కానీ బెల్లం నల్లగా రావడానికి ఉప్పునీళ్లు, చౌడు నేల, తెట్టు సరిగా తీయకపోవడం, తెల్లబరిచే హైడ్రోస్ వెయ్యకపోవడం లాంటి కారణాలు చాలా ఉన్నాయి. చిత్తూరు వైపు నల్లబెల్లం వండిన రైతు ఆ రంగు వల్ల ఎన్నోసార్లు ఇబ్బంది పడ్డాడు. మందు కలిపి పసుపుపచ్చగా మెరిపించిన బెల్లానికి మంచి ధర, కలపని బెల్లానికి అనుమానం. ఇది చాలా అన్యాయమైన లెక్క.

ఊట అడుగున పేరుకునేది మడ్డి. ఇక్కడ ఆ మాటకు పూర్తి న్యాయం జరుగుతుంది. తాటిచెట్టు మీద లొట్టి కట్టి దించిన కల్లు కాసేపు కదలకుండా ఉంచితే అడుగున తెల్లగా ఒక పొర దిగుతుంది. అది చాలావరకు ఈస్టే, కల్లును కల్లుగా మార్చిన జీవి. వాడిన లొట్టిలో ఆ పొర కొంచెం అంటుకుని ఉంటే కొత్తగా కారే తీపి రసం చెట్టు మీదే పులియడం మొదలుపెడుతుంది. నీరా కావాలంటే లోపల సున్నం పూయాలి, అప్పుడు ఆ జీవికి పని సాగదు. అంటే ఆ మడ్డి వ్యర్థం కాదు, తోడు. పాలకు మజ్జిగ చుక్క ఎలాగో కల్లుకు అది అలాగ.

సంస్కృతంలో దీనికి కిణ్వం అని పేరు. అమరకోశం మద్యం మాటల మధ్య దాన్ని చేర్చింది. స్కూలు పుస్తకాల్లో పిల్లలు బట్టీపట్టే 'కిణ్వనం' దాంట్లోంచి వచ్చిందే. పిల్లలకు ఆ మాట నోరు తిరగదు, దాని వెనక కల్లుకుండ అడుగు ఉందని ఎవరూ చెప్పరు. చెబితే ఒక్క పూటలో గుర్తుండిపోతుంది. అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడి అధ్యాయం కిణ్వానికి సంబంధించిన పనిని స్త్రీలు, పిల్లలు చెయ్యాలంటుంది. చెడిపోయిన సురను ఏం చెయ్యాలో కూడా చెబుతుంది: దాసులకు, కూలీలకు జీతం కింద ఇవ్వొచ్చు, లేదా బండి లాగే పశువులకు తాగించొచ్చు, పందులకు పెట్టొచ్చు. మనిషినీ పందినీ ఒకే వరసలో కూర్చోబెట్టిన ఆ వాక్యం చదివితే మనసు చివుక్కుమంటుంది. మిగులు ఎవరి వాటా అని రాసుకున్న తీరులోనే ఆ సమాజం మొత్తం కనిపిస్తుంది.

చైనాలో ఇదే విషయం పూర్తిగా తిరగబడింది. సారా తీయగా మిగిలిన ధాన్యపు పిప్పిని వాళ్లు 'జావ్' అంటారు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో హాన్ చక్రవర్తి గువాంగ్‌వు, విధవరాలైన తన అక్క మనసుపడిందని, సాంగ్ హోంగ్ అనే మంత్రిని పెళ్లికి ఒప్పించబోయాడు. అప్పటికే భార్య ఉన్న ఆ మంత్రి చెప్పిన జవాబు సామెతగా నిలిచిపోయింది. సారా పిప్పి, తవుడు తిన్న రోజుల్లో తోడున్న భార్యను ఇంట్లోంచి పంపెయ్యకూడదు అన్నాడు. గంజినీళ్లు తాగి బతికిన రోజులు అని మనం అంటామే, అదే భావం. జపాన్‌లో సాకే తీయగా మిగిలిన తెల్లటి ముద్దను 'కాసు' అంటారు. మనిషిని అదే మాటతో తిడితే పనికిమాలినవాడా అని. అయినా ఆ కాసును అంగడిలో ప్యాకెట్లలో కొని, అందులో కూరగాయలు ఊరబెట్టి పచ్చళ్లు పెట్టుకుంటారు. తిట్టూ, వంటా ఒకే మాటలో కలిసి బతుకుతున్నాయి. జమైకాలో రమ్ కాచాక బట్టీలో మిగిలిన పుల్లటి ద్రవం పేరు డండర్. అక్కడివాళ్లు దాన్ని పారబొయ్యరు. తర్వాతి విడత ఊటలో కలుపుతారు, జమైకా రమ్ ఘాటుకు అది ఒక కారణం.

డండర్ లాంటి ద్రవమే మన డిస్టిలరీల్లో స్పెంట్‌వాష్. తెలుగుకు నిజంగా మాట కరువైన చోటు ఇదే. నాటు బట్టీలో కుండ అడుగున మిగిలేది నాలుగు చెంబులు, పక్కన గుమ్మరిస్తే నేలలో ఇంకిపోతుంది, దానికి పేరెందుకు అనుకున్నారేమో. ఫ్యాక్టరీలో మొలాసిస్ నుంచి లీటరు ఆల్కహాల్ తీస్తే 8 నుంచి 15 లీటర్ల స్పెంట్‌వాష్ మిగులుతుంది. లక్ష లీటర్ల డిస్టిలరీ అంటే రోజుకు కనీసం 8 లక్షల లీటర్లు. ముదురు గోధుమ రంగు, పుల్లటి కాలిన వాసన. నీటి కాలుష్యాన్ని కొలిచే సీఓడీ ఇంటి మురుగునీటిలో లీటరుకు కొన్ని వందల మిల్లీగ్రాములుంటే ఇందులో 80 వేల నుంచి లక్ష పైన ఉంటుంది. ఆ రంగు మెలనాయిడిన్ల వల్ల వస్తుంది. దోసె ఎర్రగా కాలినప్పుడు వచ్చే రంగు కూడా ఆ రకందే. దోసె మీద ముచ్చటగా ఉండే ఆ రంగు వాగులో కలిస్తే వెలుతురును లోపలికి పోనివ్వదు, బ్యాక్టీరియాకు తొందరగా లొంగదు. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి చేపలు తేలిపోతాయి.

అందుకే డిస్టిలరీల నుంచి చుక్క ద్రవం కూడా బయటికి రాకూడదన్న నిబంధన వచ్చింది. ఆవిరి చేసి చిక్కబరిచి, బాయిలర్లో కాల్చెయ్యాలి, లేదా బయోగ్యాస్ తీసి, మిగిలినదాన్ని ప్రెస్‌మడ్‌తో కలిపి కంపోస్టు చెయ్యాలి. అదే డిస్టిలరీలో స్పెంట్‌లీస్ అని ఇంకో ద్రవం ఉంటుంది, ఆల్కహాల్‌ను శుద్ధి చేసే దశలో మిగిలేది, కాలుష్యం చాలా తక్కువ. ఆవిరి చల్లారగా వచ్చే నీళ్లు మూడోది. ఈ మూడింటినీ తెలుగులో 'వ్యర్థ జలాలు' అని ఒక్క గాటన కట్టేస్తే ఏమవుతుంది? 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ నివేదిక సారాంశం స్థానిక భాషలో కూడా ఇవ్వాలి. ఆ కాగితం పట్టుకుని ప్రజాభిప్రాయ సేకరణలో లేచి నిలబడిన మనిషి ఏ నీళ్ల గురించి అడగాలి? మా వాగులోకి వచ్చేది ఏది అని ఆయన అడిగితే, జవాబు చెప్పేవాళ్లు మూడింటిలో తేలికైనదాన్ని చూపించి కూర్చోవచ్చు. నారాయణపేట జిల్లా చిత్తనూరులో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీల మీద జనం రోడ్డెక్కినప్పుడు వాళ్ల నోట్లో ఉన్నవి కంపు, పొగ, నీళ్లు అనే మామూలు మాటలే. వాళ్ల బాధ ఆ మాటల్లో నిజంగానే ఉంది. కానీ ఫైళ్లలో ఆ బాధ ఏ గడిలో పడాలో చెప్పే పదం వాళ్ల చేతికి ఎవరూ ఇవ్వలేదు.

తెలంగాణలో, ఆంధ్రలో ఇప్పుడు ఎక్కువగా వస్తున్నవి ధాన్యం నుంచి ఇథనాల్ తీసే ఫ్యాక్టరీలు. నూకలు, మక్కలు ఉడికించి, పులియబెట్టి, ఆల్కహాల్ తీశాక మిగిలిన గుజ్జును ఎండబెడితే వచ్చేది డీడీజీఎస్. వేసిన ధాన్యంలో సుమారు మూడో వంతు బరువు ఇలా తిరిగి వస్తుంది. పిండిపదార్థం పోయి ప్రోటీన్ మిగులుతుంది, మక్కలదైతే 25–30 శాతం, బియ్యానిదైతే 40 శాతం పైన. కోళ్ల దాణాలో, చేపల మేతలో సోయా చెక్క స్థానంలోకి ఇది దూసుకొస్తోంది. దాంతో సోయా రైతు ధర దెబ్బతింటోంది. మక్కల్లో బూజు విషం ఉంటే, పిండి పోయి మిగతాది చిక్కబడటంతో ఆ విషం కూడా సుమారు మూడు రెట్లు చిక్కబడుతుంది. ఇది కోళ్ల రైతు తప్పనిసరిగా తెలుసుకోవాల్సిన సంగతి. నాలుగు ఇంగ్లిషు అక్షరాల్లో ఇదేదీ వినిపించదు. నువ్వుల నుంచి నూనె పోగా మిగిలింది తెలకపిండి అయినప్పుడు, మక్కల నుంచి సారా పోగా మిగిలింది 'మక్క చెక్క' ఎందుకు కాకూడదు? ఎండబెట్టక ముందు తడిగా ఉన్నదానికి కుడితి అనే మాట ఎప్పటి నుంచో సిద్ధంగా ఉంది. స్పెంట్‌వాష్‌కు 'బట్టీ గంజి' అంటే సరిపోతుంది. సారం తీశాక మిగిలిన చిక్కటి ద్రవం అని ఇంకెవరూ వివరించక్కర్లేదు. మొలాసిస్‌కు 'జారు పాకం', దాని ముందు రెండో పాకం, మూడో పాకం అని చేరిస్తే బి, సి తేడా కూడా మాటలోనే తెలిసిపోతుంది. ఇవి కమిటీలు కూర్చుని పుట్టించాల్సిన పదాలు కావు. ఇంట్లో వాడే మాటలే, పక్క పనిలోకి నడిపిస్తే చాలు.

స్పెంట్‌వాష్‌ను చిక్కబరిచి కాల్చినప్పుడు బాయిలర్‌లో మిగిలే బూడిదలో పొటాష్ ఉంటుంది. చెరకు నేలలోంచి లాగిన పొటాష్ చక్కెరలోకి పోలేదు, రసంతో వచ్చి, మొలాసిస్‌లో చేరి, ఊటలో నిలిచి, చివరికి ఈ బూడిదలో తేలింది. మన దేశం పొటాష్ ఎరువును దాదాపు మొత్తం దిగుమతి చేసుకుంటోంది కాబట్టి, 2021లో కేంద్రం ఈ బూడిదతో చేసిన ఎరువును సబ్సిడీ జాబితాలో చేర్చింది. పొటాష్ 14.5 శాతం, పేరు పీడీఎం, అంటే 'పొటాష్ డిరైవ్డ్ ఫ్రమ్ మొలాసిస్'. పొటాష్ అనే మాట కూడా కుండలో కాచిన బూడిద అని అర్థమిచ్చే డచ్చి మాట నుంచి వచ్చిందే. గానుగ పొయ్యిలో పిప్పి కాలాక మిగిలే బూడిదను తోడి చేలో చల్లే రైతుకు ఈ ఎరువు కొత్తేమీ కాదు. బస్తా మీద మాత్రం పీడీఎం అనే ఉంటుంది. చెరకు బూడిద అని రాస్తే ఆ రైతు ఎవరినీ అడక్కుండానే బస్తా భుజానికెత్తుకుంటాడు.